క్రైమ్ రేటులో ఎవరిని లెక్కపెడతారు? ఆపిల్‌బీ గుర్రాల సంత నుంచి స్టూవర్టుపురం దాకా

ఇంగ్లండ్ ఉత్తరాన కంబ్రియా ప్రాంతంలో, ఈడెన్ నది ఒంపు తిరిగే చోట ఆపిల్‌బీ అనే చిన్న ఊరు ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉండేది 3,048 మంది. మన దగ్గరైతే ఒక మోస్తరు గ్రామ పంచాయతీ అంత. అయినా దాన్ని పల్లె అనరు, మార్కెట్ టౌన్ అంటారు. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ సంత జరిగే పట్టణం అని అర్థం. ఒక కోట, ఒక చర్చి, వాటి మధ్య వాలుగా దిగే పెద్ద వీధి, ఓ రైల్వే స్టేషన్. ఏడాదిలో 51 వారాలు అక్కడ చెప్పుకోవలసిన గొడవ పెద్దగా ఉండదు.

మిగిలిన ఒక్క వారం జూన్ మొదట్లో వస్తుంది. అప్పుడు అక్కడ గుర్రాల సంత జరుగుతుంది. బ్రిటన్, ఐర్లండ్ నలుమూలల నుంచి జిప్సీలు, ట్రావెలర్లు సుమారు 10,000 మంది వస్తారు. వాళ్లను, వాళ్ల గుర్రాలను చూడటానికి ఇంకో 30,000 మంది వస్తారని అధికారుల అంచనా. ఊరి బయట ఫెయిర్ హిల్ అనే గుట్ట మీద కారవాన్ బండ్లు బారులు తీరతాయి. పిల్లలు జీను లేకుండా గుర్రాలెక్కి ఈడెన్ నదిలోకి దిగి వాటిని కడుగుతారు. పెళ్లి సంబంధాలు కుదురుతాయి, పాత బాకీలు తీరతాయి, పోయినవాళ్లను తలచుకుంటారు. ఆ గుట్టకు ఒకప్పటి పేరు గాలోస్ హిల్. ఉరికొయ్యల గుట్ట అన్నమాట.

ఆ వారమంతా ఊళ్లో పోలీసులు కూడా పెద్ద సంఖ్యలో ఉంటారు. పక్క ప్రాంతాల నుంచి అదనపు బలగాలను రప్పిస్తారు. కొన్ని దుకాణాలు తలుపులు మూసుకుంటాయి, కొన్ని ఆ వారంలోనే ఏడాదికి సరిపడా సంపాదించుకుంటాయి. సంత ముగిశాక ఎంతమందిని అరెస్టు చేశారు, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి అన్న లెక్కలు బయటికొస్తాయి. వాటిని పట్టుకుని సంత ఆపేయాలని కొందరు అంటారు.

తెలుగు నేల మీద దళిత హక్కుల గురించి రాసే మేము ఈ ఊరి ముచ్చట ఎందుకు ఎత్తుకున్నామని అడగవచ్చు. ఒక ఊరిలో నేరాలు ఎక్కువ, ఫలానా జనం వస్తే భద్రత పోతుంది అనే మాట ఎలా తయారవుతుందో చూడటానికి ఆపిల్‌బీ లాంటి చిన్న ఊరు బాగా పనికొస్తుంది. ఊరు చిన్నదైతే లెక్క చిన్నది, దాని కిటుకు తేలిగ్గా కనబడుతుంది. ఆ కిటుకు అర్థమైతే మన జిల్లా పోలీసుల వార్షిక నివేదికను, జాతీయ నేర రికార్డుల బ్యూరో పుస్తకాన్ని చదవడం సులువవుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. ఇంగ్లండ్ తన రోడ్ల మీద జిప్సీల పట్ల చూపిన అనుమానమూ, తెలుగు నేల మీద ఎరుకల వాళ్లపై వేసిన నేరస్థ ముద్రా ఒకే పాలకవర్గం చేతుల్లో నడిచాయి.

పైన అంకె, కింద అంకె

క్రైమ్ రేటు అంటే ఒక భాగహారం. జరిగిన నేరాల సంఖ్యను పైన వేసి, ఆ ఊరి జనాభాను కింద వేస్తారు. ఇంగ్లండ్‌లో సాధారణంగా వెయ్యి మందికి ఎన్ని నేరాలు అని చెబుతారు. మన దగ్గర లక్ష మందికి ఎన్ని అని చెబుతారు.

ఆపిల్‌బీలో సంత జరిగిన నెలలో 60 నేరాలు నమోదయ్యాయని అనుకుందాం. ఇది లెక్క చూపడానికి మేము వేసుకున్న అంకె, అసలు సంఖ్య కాదు. కింద ఊరి జనాభా 3,000 వేస్తే వెయ్యికి 20 నేరాలు అవుతాయి. అది చూసినవాళ్లు హడలిపోతారు. సంతకు వచ్చిన 40,000 మందిని వేస్తే వెయ్యికి ఒకటిన్నర అవుతుంది. నేరాలు అవే, ఊరు అదే, పోలీసులు అదే. కింద ఎవరిని మనుషులుగా లెక్కపెట్టాం అన్నదొక్కటే మారింది. సంతకొచ్చినవాళ్లు చేసిన నేరం పై అంకెలో చేరుతుంది, వాళ్లు మాత్రం కింది అంకెలో చేరరు. సంతకొచ్చినవాళ్లకు జరిగిన నేరం కూడా పై అంకెలోనే కలిసి, చివరికి వాళ్ల ఖాతాలోనే పడుతుంది.

ఇది ఆపిల్‌బీ ఒక్కదానికే ఉన్న ఇబ్బంది కాదు. లండన్ నడిబొడ్డున సిటీ ఆఫ్ లండన్ అనే చిన్న ప్రాంతం ఉంది. బ్యాంకులు, పెద్ద కంపెనీల కార్యాలయాలు అక్కడే. రాత్రి అక్కడ పడుకునేవాళ్లు కొన్ని వేల మందే, పగలు పనికి వచ్చేవాళ్లు లక్షల మంది. జనాభాతో భాగిస్తే అది దేశంలోనే అతి భయంకరమైన ప్రాంతంగా తేలుతుంది. ఆ రేటుకు అర్థం లేదని బ్రిటన్ గణాంక శాఖ దాన్ని పోలికల్లోంచి పక్కన పెడుతుంది. బ్యాంకర్ల వీధికి దొరికిన ఈ వివరణ గుర్రాల సంతకు అంత తేలిగ్గా దొరకదు.

చిన్న ఊళ్లతో ఇంకో చిక్కు ఉంది. నిరుడు ఒక దొంగతనం, ఈ ఏడు రెండు జరిగితే నేరాలు 100 శాతం పెరిగాయని రాయవచ్చు. ఆ వాక్యం అబద్ధం కాదు. కానీ అది చదివినవాళ్ల మనసులో పడే బొమ్మ అబద్ధం.

మన దగ్గరికి వద్దాం. 2022లో దేశంలో ఎస్సీల మీద నమోదైన నేరాలు 57,582 అని జాతీయ నేర రికార్డుల బ్యూరో చెప్పింది. అంటే లక్ష ఎస్సీ జనాభాకు 28.6. ఆ భాగహారంలో కింద వేసిన జనాభా 2011 నాటిది. అంతకుముందు ఏడాది, 2021లో, 50,900 కేసులు నమోదయ్యాయి. ఒక్క ఏడాదిలో 13 శాతం పెరుగుదల. దీన్ని అత్యాచారాలు పెరిగాయని చదవాలా, ఎఫ్‌ఐఆర్ రాయించుకోగల ధైర్యం పెరిగిందని చదవాలా? అంకె ఒక్కటే చూస్తే ఈ రెండింటిలో ఏదో తేలదు. పైన పడే అంకె ఎలా పుడుతుందో చూడాలి.

పుస్తకంలోకి ఎక్కనిది నేరం కాదు

ఇంగ్లండ్, వేల్స్‌లో నేరాన్ని రెండు విధాలుగా కొలుస్తారు. ఒకటి పోలీసులు తమ రికార్డుల్లో రాసుకున్నది. రెండోది ఇళ్లకు వెళ్లి, గడిచిన ఏడాదిలో మీకేం జరిగింది అని జనాన్నే అడిగే సర్వే. ఈ సర్వే 1982లో మొదలైంది. పోలీసు స్టేషన్ గడప తొక్కనివాళ్ల గాయాలు కూడా లెక్కలోకి రావాలన్నది దాని ఉద్దేశం. రెండు లెక్కలకూ ఏళ్ల తరబడి పొంతన కుదరదు.

పోలీసు రికార్డులు ఎంత నమ్మదగినవో 2014లో బయటపడింది. ఆ ఏడాది జనవరిలో బ్రిటన్ గణాంక ప్రాధికార సంస్థ, పోలీసులు నమోదు చేసిన నేరాల లెక్కకు ఉన్న జాతీయ గణాంకాలు అనే హోదాను తీసేసింది. నవంబరులో పోలీసు తనిఖీ సంస్థ నివేదిక ఇచ్చింది. జనం వచ్చి చెప్పుకున్న నేరాల్లో 19 శాతం పోలీసులు అసలు నమోదే చేయలేదని అందులో తేలింది. హింసాత్మక నేరాల్లో 33 శాతం, లైంగిక నేరాల్లో 26 శాతం పుస్తకంలోకి ఎక్కలేదు. పెద్ద పేరున్న పోలీసు వ్యవస్థ ఉన్న దేశంలో, కొట్టారని వచ్చి చెప్పిన ప్రతి ముగ్గురిలో ఒకరి మాట కాగితం మీదికి రాలేదన్నమాట.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. కొన్ని నేరాలు పోలీసులు వెతికితేనే పుడతాయి. జేబులో గంజాయి, సంచిలో కత్తి లాంటివి ఎవరూ వచ్చి ఫిర్యాదు చేసేవి కావు, ఆపి సోదా చేస్తేనే దొరికేవి. ఎక్కడ ఎక్కువమంది పోలీసులు నిలబడి ఎక్కువమందిని సోదా చేస్తారో అక్కడ ఆ నేరాలు ఎక్కువగా నమోదవుతాయి. సంత వారంలో ఆపిల్‌బీలో పదుల రెట్లు ఎక్కువ పోలీసులుంటే, ఆ వారం అంకెలో కొంత భాగం పోలీసుల పని లెక్కే తప్ప నేరాల లెక్క కాదు. ఇంగ్లండ్ పోలీసులు 2011 నుంచి వీధి వీధికీ నేరాల పటాన్ని జనానికి చూపిస్తున్నారు. అందులో సంఘ వ్యతిరేక ప్రవర్తన అనే విభాగం ఉంటుంది. పెద్దగా పాట పెట్టడం, గుంపుగా నిలబడటం లాంటివి చాలావరకు అందులోకి వస్తాయి. అవన్నీ నేరాలు కావు, ఎవరో ఫోన్ చేసి చెప్పిన ఇబ్బందులు. కానీ పటంలో దొంగతనాల పక్కనే, అదే రంగు చుక్కలో కలిసి కనబడతాయి. ఊరికి కొత్త మొహాలు వచ్చినప్పుడు ఆ ఫోన్లు పెరగడం వింతేమీ కాదు.

మరి జిప్సీలకు జరిగిన నేరాలు? ఇంటింటి సర్వే కోసం ఇళ్లను తపాలా చిరునామాల జాబితా నుంచి ఎంచుకుంటారు. రోడ్డు పక్కన బండిలో బతికేవాళ్లకు చిరునామా ఉండదు. పోలీసు రికార్డుల్లో జాతి వివరాలు రాసే గళ్లు చాలాకాలం 2001 జనాభా లెక్కల నాటివే. జిప్సీ లేదా ఐరిష్ ట్రావెలర్ అనే గడి జనాభా లెక్కల్లోనే మొదటిసారి 2011లో వచ్చింది. నేర న్యాయవ్యవస్థలో జాతి వివక్షపై 2017లో వచ్చిన లామీ నివేదిక కూడా ఈ వర్గాల వివరాలు సరిగా సేకరించడం లేదని ఎత్తిచూపింది. నేరస్థులుగా అందరి నోళ్లలో నానే జనం, బాధితులుగా ఏ లెక్కలోనూ కనబడరు.

ఇది మనకు కొత్త కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లోని 4వ సెక్షన్ చూడండి. ఫిర్యాదు నమోదు చేయని ఎస్సీ, ఎస్టీయేతర అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు శిక్ష ఉంటుందని అందులో రాసుకోవలసి వచ్చింది. కేసు రాయకపోవడమే మన దగ్గర మొదటి అత్యాచారం కాబట్టి ఆ సెక్షన్ పుట్టింది. దానిపైన ఇంకో నియమం ఉంది. ఒక ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా అన్నిటికన్నా పెద్ద శిక్ష పడే నేరాన్నే జాతీయ బ్యూరో లెక్కలోకి తీసుకుంటుంది. అత్యాచారం చేసి చంపితే అది హత్య కిందే లెక్కకు వస్తుంది. అత్యాచారాల అంకెలో ఆ స్త్రీ మీద జరిగిన మొదటి నేరం కనబడదు.

బతకడమే నేరమైన చట్టాలు

పై అంకెను పెంచేది పోలీసులొక్కరే కాదు, చట్టం కూడా. ఏది నేరమో చెప్పేది చట్టమే కదా.

జిప్సీల పూర్వీకులు భారతదేశం నుంచి వెయ్యేళ్ల కిందటే పడమటికి కదిలిన జనం. వాళ్ల రొమానీ భాషలో ఆ ఆనవాళ్లు నేటికీ ఉన్నాయి. ఇంగ్లండ్ జిప్సీలు నీళ్లను పానీ అంటారు. ఒకటి, రెండు, మూడు అనడానికి రొమానీలో యేక్, దుయ్, త్రిన్ అంటారు. ఐరిష్ ట్రావెలర్లది వేరే మూలం. వాళ్లు ఐర్లండ్ జనమే, కానీ సంచార జీవనం, దానివల్ల పడే వెలి ఇద్దరికీ ఒకటే. ఇంగ్లండ్‌లో జిప్సీలను మొదట ఈజిప్టు నుంచి వచ్చారని పొరబడ్డారు. ఆ మాటే అరిగి జిప్సీ అయింది. 1530లో ఎనిమిదో హెన్రీ కాలంలో ఈజిప్షియన్ల చట్టం తెచ్చి వాళ్లు దేశంలోకి రావడాన్ని నిషేధించారు. 1554 చట్టం ప్రకారం దేశం విడిచి వెళ్లకుండా ఉండిపోయిన జిప్సీకి మరణశిక్ష. ఆ చట్టాల వరసలో చాలావరకు 1783లో గాని రద్దు కాలేదు. తర్వాత 1824లో దిమ్మరుల చట్టం వచ్చింది. ఆరుబయట గుడారంలోనో బండిలోనో పడుకుని, బతుకుదెరువు ఏమిటో చెప్పుకోలేని మనిషిని జైల్లో వేయడానికి అది వీలు కల్పించింది.

ఇవి పాత రోజుల సంగతులు అనుకోకండి. 1959 నాటి రహదారుల చట్టం చూడండి. రోడ్డు పక్కన మకాం వేయడం చిల్లర వర్తకులకూ, జిప్సీలకూ నేరమని అందులో రాశారు. అదే రోడ్డు పక్కన ఒక డాక్టరు గారి కుటుంబం గుడారం వేసుకుంటే ఆ సెక్షన్ వర్తించేది కాదు. చేసిన పని ఒకటే. చేసింది జిప్సీ అయితే నేరం.

1968లో కొంత వెలుగు వచ్చింది. జిప్సీలు బండ్లు నిలుపుకోవడానికి స్థలాలు ఏర్పాటు చేయవలసిన బాధ్యతను ఆ ఏడాది చట్టం స్థానిక కౌన్సిళ్ల మీద పెట్టింది. చాలా కౌన్సిళ్లు సరిగా అమలు చేయలేదు. 1994లో వచ్చిన మరో చట్టం ఆ బాధ్యతనే ఎత్తేసింది, దాంతోపాటు అనుమతి లేని మకాములను ఖాళీ చేయించే అధికారాలు పోలీసులకు పెంచింది. నిలవడానికి జాగా తీసేసి, నిలబడ్డందుకు పట్టుకోవడం మొదలైంది.

2022లో ఇంకో మెట్టు ఎక్కారు. పోలీసు, నేరాలు, శిక్షలు, కోర్టుల చట్టం ఆ ఏడాది జూన్ 28 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో కొత్త నేరాన్ని పుట్టించింది. ఒకరి స్థలంలో అనుమతి లేకుండా బండితో మకాం వేసి, తగిన నష్టమో ఇబ్బందో కలిగించి, వెళ్లమన్నా వెళ్లకపోతే మూడు నెలల దాకా జైలు, 2,500 పౌండ్ల దాకా జరిమానా. పోలీసులు బండిని కూడా స్వాధీనం చేసుకోవచ్చు. వాళ్లకు బండే ఇల్లు. ఒకసారి ఖాళీ చేయించిన చోటికి తిరిగి రాకూడని గడువును మూడు నెలల నుంచి 12 నెలలకు పెంచారు. ఒక జిప్సీ మహిళ దీనిమీద కోర్టుకెళ్లారు. 2024 మేలో హైకోర్టు, ఈ గడువు పెంపు జిప్సీల, ట్రావెలర్ల పట్ల వివక్ష అవుతుందని, మానవ హక్కుల చట్టానికి విరుద్ధమని ప్రకటించింది. ఈ పోరాటం ఇంకా ముగియలేదు.

చట్టం మారిన మరునాడు జనం ప్రవర్తన ఏమీ మారదు. వాళ్లు ఎప్పుడూ చేసే పనే చేస్తారు. కానీ ఆ మరునాటి నుంచి ఆ పని నేరాల పట్టికలో కనబడుతుంది. ఫలానా జనంలో నేరస్థులు ఎక్కువ అనే వాక్యాన్ని ఎవరు చెప్పినా, ఆ నేరాల్లో ఎన్ని వాళ్ల బతుకు తీరునే నేరంగా రాసుకున్నవో ముందు తేల్చాలి.

స్టూవర్టుపురం: అదే చూపు, మన నేల

ఇంగ్లండ్‌లో దిమ్మరుల చట్టం నడిపిన పాలకులే 1871లో ఇక్కడ నేరస్థ తెగల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే ఒక కులం మొత్తాన్ని దొంగలుగా నోటిఫై చేసే చట్టం అది. మొదట ఉత్తర భారతంలో అమలైంది. 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఎరుకల, దొమ్మర వంటి సంచార జాతులు ఆ జాబితాలోకి ఎక్కాయి. దొంగ దాసరులు అని ఒక జాతినే దొంగ అనే మాటతో కలిపి రికార్డుల్లో రాశారు. ఉప్పు, ధాన్యం బండ్ల మీదో గాడిదల మీదో మోసి అమ్ముకునే వర్తకం రైళ్లు వచ్చి దెబ్బతిన్నాక, ఆ జనానికి మిగిలిన కదిలే బతుకే అనుమానానికి కారణమైంది.

1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ మొదలైంది. నడిపింది లండన్‌లో 1865లో పుట్టిన సాల్వేషన్ ఆర్మీ. పేరు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారిది. అక్కడికి ఎరుకల కుటుంబాలను తరలించారు. వేళకు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు ఉండాలి. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి వాళ్లు కూలీలయ్యారు. రాత్రి ఇంట్లో లేకపోవడమే నేరం. సెటిల్‌మెంట్‌లో పుట్టిన పసిబిడ్డ కూడా ఆ లెక్కలో నేరస్థ తెగ మనిషే. ఇలాంటి చోట క్రైమ్ రేటు ఎంత అని అడిగితే ఏం జవాబొస్తుంది? పాసు లేకుండా చెల్లెలి పెళ్లికి వెళ్లిన అన్న కూడా ఆ అంకెలో ఉంటాడు.

స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. విముక్త జాతులు ఆ రోజును నేటికీ జరుపుకుంటాయి. కానీ రాష్ట్రాల్లో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి, పోలీసు స్టేషన్లలో పాత జాబితాలు కొనసాగాయి. మిగతా పని సినిమాలు చేశాయి. స్టూవర్టుపురం అనే ఊరి పేరే తెలుగులో దొంగతనానికి మారుపేరుగా మారింది. ఆ ఊళ్లో టీచర్లున్నారు, ఉద్యోగులున్నారు, చదువుకునే ఆడపిల్లలున్నారు. వాళ్లు బయట ఊరి పేరు చెప్పుకోవడానికి వెనకాడే పరిస్థితి. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైళ్లలో కులాన్ని బట్టి పనులు, గదులు కేటాయించడాన్ని కొట్టేసింది. విముక్త జాతులను అలవాటు నేరస్థులుగా చూసే తీరును కూడా ఆ తీర్పు తప్పుపట్టింది. చట్టం రద్దయ్యాక 72 ఏళ్లకు కూడా ఆ మాట చెప్పవలసి వచ్చింది.

భద్రత ఎవరికి?

ఇంతా చెప్పి, ఆపిల్‌బీలో నేరాలే జరగవని మేము అనడం లేదు. 40,000 మంది చేరిన చోట దొంగతనాలుంటాయి, తాగి గొడవలుంటాయి, ఆడవాళ్లను వేధించేవాళ్లుంటారు, గుర్రాలను హింసించేవాళ్లుంటారు. ఆ ఊరి ముసలివాళ్ల భయం నిజమైన భయమే. సంతకొచ్చే జిప్సీ స్త్రీకి కూడా అదే భయం ఉంటుంది. నేరం చేసిన మనిషిని పట్టుకోవాలి, శిక్షించాలి. ఒకడి నేరానికి వాడి ఇంటిపేరు ఉన్నవాళ్లందరినీ అనుమానించడం దగ్గరే మా అభ్యంతరం.

ఇంటిపేరు అని ఊరికే అనలేదు. పాంటిన్స్ అనే సెలవుల విడిది కంపెనీ బ్రిటన్‌లో ఉంది. రానివ్వకూడని అతిథులు అంటూ ఐరిష్ ఇంటిపేర్ల జాబితా ఒకటి అది తన సిబ్బందికి ఇచ్చిందని 2021లో బయటపడింది. ఆ పేర్లు ట్రావెలర్లలో ఎక్కువగా ఉండేవి. 2024లో సమానత్వ, మానవ హక్కుల కమిషన్ దర్యాప్తు ఆ కంపెనీ జాతి వివక్షకు పాల్పడిందని తేల్చింది. హైదరాబాదులో అద్దె ఇంటికి వెళ్లి, ముందు ఇంటిపేరు, తర్వాత ఊళ్లో ఇల్లు ఏ వైపు అని అడిగించుకున్న విద్యార్థులకు ఈ జాబితా గురించి మేము విడమరిచి చెప్పనక్కర్లేదు. లండన్‌లో ట్రావెలర్లకు ప్రవేశం లేదు అని బోర్డు పెట్టిన ఒక పబ్బు మీద కేసు నడిచింది. 1988లో అప్పీలు కోర్టు, జిప్సీలు ఒక జాతి సమూహమని, జాతి వివక్ష చట్టం వాళ్లను కాపాడుతుందని చెప్పింది. అయినా 2018లో అదే కమిషన్ చేసిన సర్వేలో 44 శాతం మంది జిప్సీలు, రోమాలు, ట్రావెలర్ల మీద తమకు మంచి భావం లేదని దాపరికం లేకుండా చెప్పారు.

2003లో ఎల్స్‌మియర్ పోర్ట్ అనే పట్టణంలో 15 ఏళ్ల ఐరిష్ ట్రావెలర్ బాలుడిని ఇద్దరు కుర్రాళ్లు తన్ని చంపారు. పోలీసులు దాన్ని జాతి ద్వేషపు నేరంగానే దర్యాప్తు చేశారు. కోర్టు మాత్రం జాతి ద్వేషం కారణమని ఒప్పుకోలేదు. ఖైర్లాంజీలో 2006లో ఒక దళిత కుటుంబాన్ని చంపిన కేసులో కోర్టులు అత్యాచారాల నిరోధక చట్టాన్ని వర్తింపజేయలేదు. చంపినట్టు తేలుతుంది, కులం వల్ల చంపినట్టు మాత్రం తేలదు. చుండూరులో 1991లో ఎనిమిది మందిని చంపిన కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఆ తర్వాత శిక్షల శాతం పట్టికలో అది శూన్యం వైపు చేరుతుంది. ఆ పట్టికనే చూపి, ఈ కేసుల్లో చాలావరకు అబద్ధమని వాదిస్తారు. 2018 మార్చిలో అత్యాచారాల చట్టాన్ని నీరుగార్చిన సుప్రీంకోర్టు తీర్పు కూడా నేర రికార్డుల అంకెల్నే ఆధారంగా చూపింది. ఏప్రిల్ 2 భారత్ బంద్, ఆ తర్వాత పార్లమెంటు సవరణ దాన్ని వెనక్కి తిప్పాయి. అంకెలు ఎలా తయారవుతాయో తెలుసుకోవడం మనకెందుకు అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇంగ్లండ్ నుంచి నేర్చుకోవలసిన మంచి కూడా ఉంది. స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుడిని 1993లో లండన్‌లో చంపారు. పోలీసుల దర్యాప్తు ఎలా సాగిందో విచారించిన మెక్‌ఫర్సన్ నివేదిక 1999లో వచ్చింది. బాధితులు గాని, మరెవరైనా గాని ఒక ఘటనను జాతి ద్వేషపు ఘటన అని భావిస్తే పోలీసులు దాన్ని అలాగే నమోదు చేయాలని అది చెప్పింది. రుజువు కావాలా, శిక్ష పడాలా అన్నది తర్వాతి మాట. ముందు పుస్తకంలో బాధితుల మాట పడాలి.

ఆపిల్‌బీలోనూ ఒక పద్ధతి ఏర్పడింది. కౌన్సిళ్లు, పోలీసులు, అగ్నిమాపక శాఖ, జంతు సంరక్షణ సంఘం, ఊరి ప్రతినిధులు, వాళ్లతోపాటు జిప్సీ, ట్రావెలర్ ప్రతినిధులు కలిసి సంత ఏర్పాట్లు చూసే సమన్వయ బృందం అది. నీళ్లు, మరుగుదొడ్లు, గుర్రాలు నదిలోకి దిగే చోటు, ట్రాఫిక్ వంటివన్నీ ముందే మాట్లాడుకుంటారు. వాళ్ల మధ్య తగువులు లేవని కాదు. కానీ ఎవరి గురించి భయపడుతున్నారో వాళ్లు ఆ బల్ల దగ్గర కూర్చుని ఉంటారు. మరుగుదొడ్లు సరిపడా పెడితే తగ్గే ఫిర్యాదులు కొన్ని, లాఠీలు పెంచితే తగ్గవు.

మనం చేయగలిగింది

మన దగ్గర అలాంటి బల్ల కాగితం మీద ఎప్పుడో ఉంది. అత్యాచారాల నిరోధక నియమాలు, 1995లోని 17వ నియమం ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన నిఘా, పర్యవేక్షణ కమిటీ ఉండాలి. కనీసం మూడు నెలలకోసారి సమావేశం కావాలి. మీ జిల్లాలో గత ఏడాది అది ఎన్నిసార్లు కూర్చుంది, ఏం రాసుకుంది అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. స్టేషన్‌కు వచ్చిన దరఖాస్తులు ఎన్ని, వాటిలో ఎఫ్‌ఐఆర్ అయినవి ఎన్ని అని రెండు సంఖ్యలూ పక్కపక్కన అడగండి. ఆ రెండింటి మధ్య తేడాయే మన 19 శాతం. 4వ సెక్షన్ కింద ఎంతమంది అధికారుల మీద చర్య తీసుకున్నారో కూడా అడగండి.

పత్రికలో ఫలానా పేటలో, ఫలానా కాలనీలో నేరాలు పెరిగాయని వార్త కనబడితే దాని కింద ఏ జనాభా వేశారో చూడండి. ఆ నెలలో అక్కడ కార్డన్ సెర్చ్ జరిగిందేమో కనుక్కోండి. నమోదైన నేరాల్లో ఒకరికి హాని చేసినవి ఎన్ని, రాత్రిపూట తిరిగినందుకో కాగితాలు లేని బండి ఉన్నందుకో రాసినవి ఎన్నో విడదీయండి. ఆ పేటవాళ్లే బాధితులైన కేసులు ఆ లెక్కలో ఉన్నాయేమో వెతకండి. పరిశోధక విద్యార్థులు ఒక్క మండలం తీసుకుని, గడిచిన ఏడాదిలో మీకేం జరిగింది, స్టేషన్‌కు వెళ్లారా, వెళితే ఏమన్నారు అని ఇంటింటికీ వెళ్లి అడిగినా అది పెద్ద పనే. ఆ సర్వేకు బయల్దేరేటప్పుడు ఊరి చివర గుడారాలను, ఇంటి నంబరు లేని ఇళ్లను మాత్రం వదిలేయకండి.